ఇంటి వైఫై, సొంత వైఫై: రెండూ ఒకే బోర్డులో (5వ పాఠం)

మూడో పాఠంలో మన నోడ్‌ఎంసీయూ బోర్డు (ఈఎస్పీ8266 అనే వైఫై చిప్ ఉన్న చిన్న బోర్డు) ఇంటి రౌటర్‌కి కనెక్టయి, మిద్దె మీది ట్యాంకులో నీళ్లెంత ఉన్నాయో ఫోన్లో చూపించింది. నాలుగో పాఠంలో రౌటర్ ఊసే లేకుండా తానే హాట్‌స్పాట్ అయింది. ఇవాళ ఆ రెండు పనులూ ఒకేసారి చేయిద్దాం.

కింద ఓనరు, పైన రెండు వాటాల్లో అద్దెవాళ్లు ఉన్న ఇల్లు అనుకోండి. ట్యాంకు అందరిదీ. మట్టం అందరికీ కనపడాలి, మోటారు మీట మాత్రం ఓనరు చేతిలోనే ఉండాలి. అలాగని ఇంటి వైఫై పాస్‌వర్డు వాటాల వాళ్లందరికీ ఇవ్వాలని ఏ ఓనరుకీ ఉండదు. పైగా కరెంటు పోయి రౌటర్ ఆగినా, పవర్ బ్యాంకు మీద నడిచే బోర్డు పలకాలి. అందుకే బోర్డు ఒకవైపు ఇంటి రౌటర్‌కి ఫోనులా కలిసే క్లయింటుగా, ఇంకోవైపు అద్దెవాళ్లకి యాక్సెస్ పాయింటుగా, అంటే హాట్‌స్పాట్‌గా ఉంటుంది.

ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. ఆర్డ్యూయినో ఐడీఈలో మాత్రం ఇంగ్లిషులోనే టైపు చేయాలి.

సెటప్‌లో ముందుగా వైఫై.మోడ్‌కి వైఫై_ఏపీ_ఎస్టీఏ ఇవ్వండి. ఏపీ అంటే యాక్సెస్ పాయింటు, ఎస్టీఏ అంటే స్టేషన్, అంటే రౌటర్‌కి క్లయింటయ్యే భాగం. తర్వాత వైఫై.సాఫ్ట్ఏపీ పిలిచి మన నెట్‌వర్కు పేరూ పాస్‌వర్డూ చెప్పండి. పాస్‌వర్డులో కనీసం 8 అక్షరాలుండాలి. తక్కువైతే ఫంక్షన్ ఫాల్స్ అని జవాబిస్తుంది, చాలామంది ఆ జవాబు చూడరు. మీరు సీరియల్ మానిటర్‌లో ప్రింట్ చేసుకోండి. ఆపైన వైఫై.బిగిన్‌తో ఇంటి రౌటర్ వివరాలివ్వండి. బిగిన్ కింద "కనెక్ట్ అయ్యేదాకా ఆగు" అనే వైల్ లూపు మూడో పాఠంలో రాశాం కదా, దాన్ని తీసేయండి. అదుంటే రౌటర్ లేని రోజు ప్రోగ్రాం అక్కడే కూర్చుంటుంది, వెబ్ సర్వర్ మొదలే కాదు.

ఇప్పుడు బోర్డుకి రెండు ఐపీ అడ్రసులు. యాక్సెస్ పాయింట్ వైపు మామూలుగా 192.168.4.1. రౌటర్ వైపు ఆ రౌటర్ ఇచ్చినది, ఎక్కువ ఇళ్లలో 192.168.0 తోనో 192.168.1 తోనో మొదలవుతుంది. మీ రౌటర్ కూడా 192.168.4 వరసే పంచుతుంటే ఏ ప్యాకెట్ ఎటు పంపాలో బోర్డుకి తెలియదు. అప్పుడు సాఫ్ట్ఏపీకాన్ఫిగ్‌తో మన వైపు వరస మార్చాలి. వెబ్ సర్వర్ ఒక్కటే చాలు, రెండు వైపులా వింటుంది.

ఇంతవరకూ సులువే. అసలు చిక్కు ఇప్పుడు మొదలవుతుంది.

చిప్‌లో రేడియో ఒక్కటే. రైల్వే స్టేషన్లో ఒకే గుమాస్తా రెండు కిటికీలు చూసుకుంటున్నాడనుకోండి. కిటికీలు ఒకే గదిలో ఉంటే ఇటోసారి అటోసారి తిరిగి టికెట్లిస్తాడు. వేరువేరు గదుల్లో ఉంటే కుదరదు. ఆ గదే ఛానెల్. 2.4 గిగాహెర్ట్జ్‌లో మనం 1 నుంచి 13 దాకా వాడుతున్న ఛానెళ్లలో, మన యాక్సెస్ పాయింటూ ఇంటి రౌటరూ ఒకే ఛానెల్ మీద ఉండి తీరాలి. సాఫ్ట్ఏపీలో మీరు ఛానెల్ 1 అని రాసినా, రౌటర్ 11 మీద ఉంటే కనెక్ట్ అయిన క్షణంలో బోర్డు మన నెట్‌వర్కుని కూడా 11కి లాక్కుపోతుంది. అప్పటికే 1 మీద కలిసి ఉన్న ఫోను డిస్‌కనెక్ట్ కావచ్చు. కోడ్‌లో తప్పుందని వెతక్కండి, చిప్ తీరే అంత.

ఇంతకంటే పెద్ద తలనొప్పి రౌటర్ ఆగిపోయినప్పుడు. బోర్డులో రౌటర్‌కి క్లయింటయ్యే స్టేషన్ భాగం ఊరుకోదు, రౌటర్ కోసం ఛానెళ్లన్నీ వెతుకుతూనే ఉంటుంది. గుమాస్తా గదులన్నీ తిరుగుతుంటే మన కిటికీ దగ్గరి క్యూ అలాగే నిలబడుతుంది. ఫోన్లో పేజీ సగంలో ఆగుతుంది, ఒక్కోసారి నెట్‌వర్కు పేరే కనపడదు. అంటే రౌటర్ లేనప్పుడు పనికొస్తుందని పెట్టుకున్న యాక్సెస్ పాయింటు, సరిగ్గా అప్పుడే చేతులెత్తేస్తుంది.

కాబట్టి వెతుకులాటని మన అదుపులోకి తెచ్చుకోవాలి. ముందు వైఫై.సెట్ఆటోరీకనెక్ట్‌కి ఫాల్స్ ఇవ్వండి. తర్వాత లూప్‌లో మిల్లిస్ (బోర్డు ఆన్ అయ్యాక గడిచిన మిల్లీసెకన్లు) లెక్కన నిమిషానికోసారి వైఫై.స్టేటస్ చూడండి. కనెక్షన్ లేకపోతే వైఫై.సాఫ్ట్ఏపీగెట్‌స్టేషన్‌నమ్‌ని అడగండి. మన యాక్సెస్ పాయింటుకి ఎన్ని ఫోన్లు కలిసున్నాయో అది చెబుతుంది. ఒక్కటి ఉన్నా ఆ నిమిషానికి వెతకడం మానేయండి, ఎదురుగా ఉన్న మనిషికే ముందు. సున్నా అయితే బిగిన్ పిలిచి 10 సెకన్లు చూడండి. అప్పటికీ దొరక్కపోతే వైఫై.డిస్‌కనెక్ట్‌తో ఆపేయండి. దాని బ్రాకెట్లలో ఏమీ రాయొద్దు, ట్రూ రాస్తే స్టేషన్ మోడే ఆఫ్ అవుతుంది. సెటప్‌లో పిలిచిన మొదటి బిగిన్‌కీ ఇదే 10 సెకన్ల గడువు పెట్టండి.

ఒక ఫోను రోజంతా కలిసే ఉంటే బోర్డు ఇంటి రౌటర్ ముఖమే చూడదు కదా అంటారా? నిజమే. 15 నిమిషాలు దాటితే ఫోనున్నా సరే ఒకసారి వెతకమని షరతు పెట్టుకోవచ్చు. నేనైతే పెడతాను.

రౌటర్ సెట్టింగుల్లో ఛానెల్‌ని ఆటో నుంచి తీసి 1, 6, 11లలో ఒకదానికి బిగించి, సాఫ్ట్ఏపీలోనూ అదే నంబరు ఇస్తే లాక్కుపోయే బాధ దాదాపు ఉండదు. నాలుగు నిమిషాల పని, సగం ఫిర్యాదులు పోతాయి.

ఇక మోటారు మీట. రిక్వెస్ట్ పంపిన ఫోను అడ్రసు సర్వర్.క్లయింట్.రిమోట్ఐపీలో దొరుకుతుంది. అది 192.168.4 వరసలోదైతే వచ్చింది అద్దెవాళ్ల వైపు నుంచి, మట్టం చూపించి మోటారు ఆర్డరు తిప్పికొట్టండి. ఇక్కడ రిమోట్ఐపీ బదులు లోకల్ఐపీ చూసి తేల్చకండి. యాక్సెస్ పాయింట్ వైపున్న ఫోను కూడా బోర్డు రెండో అడ్రసు టైపు చేసి అడగగలదు, బోర్డు జవాబిస్తుంది, మీ తనిఖీ మోసపోతుంది.

మన నెట్‌వర్కులో కలిసిన ఫోనుకి ఇంటర్నెట్ రాదు. ఒకవైపు ప్యాకెట్లని ఇంకోవైపు దాటించాలంటే నాప్ట్ అనే సౌకర్యం విడిగా ఆన్ చేయాలి, మనం చేయడం లేదు. ఓనరుకి కావలసిందీ అదే. కాకపోతే కొన్ని ఫోన్లు "ఇంటర్నెట్ లేదు" అని మొబైల్ డేటాకి జారుకుంటాయి. పేజీ తెరుచుకోకపోతే డేటా ఆపి చూడమని చెప్పండి. కలిసే ఫోన్ల గరిష్ఠ సంఖ్య మామూలుగా 4. సాఫ్ట్ఏపీ ఐదో విలువతో ఈఎస్పీ8266లో 8 దాకా పెంచుకోవచ్చు.

ఈఎస్పీ32 అనే ఇంకో వైఫై చిప్ బోర్డు వాడేవాళ్లకి ఒక మాట. అందులో అనలాగ్ సిగ్నల్‌ని అంకెలుగా మార్చే భాగాలు (ఏడీసీలు) రెండు. వైఫై నడుస్తుండగా ఏడీసీ2 పిన్నుల మీద అనలాగ్ రీడింగ్ నమ్మొద్దు. సెన్సర్ తీగని 32 నుంచి 39 వరకున్న ఏడీసీ1 పిన్నుల్లో ఒకదానికి మార్చండి.

అభ్యాసం: రౌటర్‌ని ఛానెల్ 11కి బిగించి, సాఫ్ట్ఏపీలో కావాలనే 1 ఇవ్వండి. సెటప్‌లోని బిగిన్‌ని అర నిమిషం ఆలస్యం చేసి, ఆలోగా ఫోన్ని మన నెట్‌వర్కుకి కలపండి. వైఫై అనలైజర్ యాప్‌లో మన పేరు ఎప్పుడు ఎక్కడికి దూకిందో చూడండి. తర్వాత రౌటర్ ఆపి, ఆటోరీకనెక్ట్ ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి పేజీ తెరవండి. తేడా రాసి పెట్టుకోండి, ఆరో పాఠంలో ఇంటి వైఫై పాస్‌వర్డుని కోడ్‌లోంచి తీసి ఫోన్ నుంచే ఎక్కించేటప్పుడు పనికొస్తుంది.