అంబాసిడర్ సెల్ఫ్ ఎత్తడం లేదా? బ్యాటరీ కొనే ముందు ఎర్త్ వైరు చూడండి

సమస్య: తాళం తిప్పితే టక్‌మని ఆగిపోతుంది. లేదంటే ఇంజను నీరసంగా రెండు చుట్లు తిరిగి నిలిచిపోతుంది, హెడ్‌లైట్లు మసకబారతాయి.

ముందు బ్యాటరీ టెర్మినళ్లు విప్పండి. బయటికి శుభ్రంగా కనబడే క్లాంపు (వైరు కొసన ఉండే పట్టు) లోపల నల్లగా ఉంటుంది. పోస్టునీ (బ్యాటరీ మీది సీసపు మొన), క్లాంపు లోపలి వైపునీ ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దండి. ఈ ఐదు నిమిషాల పని వదిలేసి కొత్త బ్యాటరీకి డబ్బు పోసేవాళ్లే ఎక్కువ.

తర్వాత మల్టీమీటరు. ఛార్జింగ్ నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పడితే బ్యాటరీనే అనుమానించండి. 10 పైన నిలబడి కూడా సెల్ఫ్ ఈడుస్తుంటే బ్యాటరీ తప్పేమీ లేదు. అలాగని వెంటనే సెల్ఫ్ మోటారు విప్పకండి.

అసలు దొంగ ఇంజను ఎర్త్ వైరు. ఇంజను, గేర్‌బాక్సు రెండూ రబ్బరు మౌంటింగుల మీదే కూర్చుంటాయి. కాబట్టి సెల్ఫ్ లాగే వంద, నూటయాభై ఆంపియర్ల కరెంటు బ్యాటరీకి తిరిగి రావాలంటే ఇంజనుకీ బాడీకీ మధ్య ఉన్న ఆ అల్లిక పట్టీయే దారి. క్లచ్ పనికి గేర్‌బాక్సు దించినప్పుడు దాన్ని బిగించడం మర్చిపోతారు. టింకరింగ్, పెయింటింగ్ చేయించాక రంగు మీదే బోల్టు వేసేస్తారు.

మల్టీమీటరు బీప్ వచ్చిందని వైరు బాగుందనుకోకండి. ఒక్క రాగి పోగు మిగిలినా బీప్ వస్తుంది. 0.01 ఓమ్ అడ్డు తగిలితే చాలు, 150 ఆంపియర్ల దగ్గర 1.5 వోల్టులు అక్కడే పోతాయి. అంత చిన్న అడ్డు మామూలు మీటరు ఓమ్ స్కేలుకి అందదు. సెల్ఫ్ కొడుతూ కొలిస్తేనే బయటపడుతుంది.

బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగండి. ఇంజను అందుకోకుండా కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటరుకి వెళ్లే సన్న వైరు తీసేయండి. మీటరు 20 వోల్టుల స్కేలులో ఒక ప్రోబు బ్యాటరీ నెగటివ్ పోస్టుకి (క్లాంపుకి కాదు), రెండోది ఇంజను బ్లాకు మీద రంగు లేని చోటికి ఆనించి, మరొకరితో మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టించండి. 0.5 దాటితే ఎర్త్ పోయినట్టే. మీటరు లేకపోతే జంపర్ కేబులు ఒకటి నెగటివ్ నుంచి నేరుగా బ్లాకుకి కలపండి. సెల్ఫ్ గిర్రున తిరిగితే ఇక వెతకక్కర్లేదు.

సెల్ఫ్ కొట్టాక చోక్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు వేడెక్కాయంటే ఇంక ఆలస్యం చేయకండి. దారి దొరకని కరెంటు వాటిగుండా పోతోంది, కేబులు కాలిపోతుంది.

బాగుచేయడానికి ముందు బ్యాటరీ ఎర్త్ (నెగటివ్ క్లాంపు) తీయండి. పాత పట్టీని అతికించే ప్రయత్నం వద్దు. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి అల్లిక పట్టీ, రెండు కొసలా గట్టిగా నొక్కిన లగ్గులతో వేయండి. రెండు చోట్లా రంగూ తుప్పూ పోయి తెల్లటి ఇనుము కనబడాలి. స్టార్ వాషరుతో బిగించాక పైన వేజలిన్ పూయండి. కాయిల్ వైరు మళ్లీ పెట్టి, బ్యాటరీ ఎర్త్ చివరగా తగిలించండి.

బ్లాకు దగ్గర 0.5 లోపే ఉంటే ఇదే పరీక్ష బ్యాటరీ పాజిటివ్ పోస్టుకీ సెల్ఫ్ మోటారు మీది లావు బోల్టుకీ మధ్య చేయండి. అదీ సరిగ్గా ఉంటే అప్పుడు మోటారు విప్పి కార్బన్ బ్రష్‌లు చూడొచ్చు. రింగ్ గేరు పళ్లు అరగడం, ఇంజను బిగుసుకుపోవడం అరుదు.