జర్మనీలో బిజినెస్ చదవబోతున్నారా? అక్టోబరు రాకముందే ఈ జాగ్రత్తలు

జర్మనీలో శీతాకాలపు సెమిస్టర్ క్లాసులు చాలా యూనివర్సిటీల్లో అక్టోబరు మధ్యలో మొదలవుతాయి. మేనేజ్‌మెంట్, ఫైనాన్స్, మార్కెటింగ్ చదవడానికి మన రెండు రాష్ట్రాల నుంచి వెళ్లేవాళ్లకు వీసా చేతికొచ్చాక టెన్షన్ తీరిపోయినట్టు అనిపిస్తుంది. అసలు జాగ్రత్త అవసరమయ్యేది అప్పుడే. మన కాలేజీల్లో ఫీజు గడువు దగ్గరపడితే ఫోన్ చేస్తారు, అటెండెన్స్ తగ్గితే ఇంటికి కబురు పెడతారు. అక్కడ ఎవరూ గుర్తు చేయరు. గడువు ఎక్కడో ఒక పేజీలో రాసి ఉంటుంది, చూసుకోవాల్సింది మీరే. అక్కడ దెబ్బతిన్న పిల్లల్లో తెలివైనవాళ్లే ఎక్కువ. ఎవరో ఒకరు చెబుతారులే అనుకోవడమే వాళ్లను ముంచింది.

వెళ్లకముందు

ముందు కోర్సు సంగతి తేల్చుకోండి. చాలా కన్సల్టెన్సీలకు ప్రైవేటు సంస్థల నుంచి కమీషన్ వస్తుంది కాబట్టి వాళ్లు చూపించే జాబితాలో అవే ముందుంటాయి. ఆ సంస్థకు జర్మన్ ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో, క్లాసులు పూర్తిగా క్యాంపస్‌లోనే జరుగుతాయో లేదో మీరే మెయిల్ చేసి రాతపూర్వకంగా తెలుసుకోండి. సగం ఆన్‌లైన్‌లో నడిచే కోర్సు అయితే, అక్కడికి వెళ్లాక నివాస అనుమతి దగ్గర చిక్కులు వస్తాయి. లక్షల అప్పు తీసుకున్నాక ఈ విషయం తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంత అని మాత్రమే డబ్బు తీసుకోగలిగే బ్యాంకు ఖాతా) చూపించాల్సిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992. ఇదే మీ మొత్తం ఖర్చు అనుకుని లోన్ లెక్క వేయకండి. ఇంటి ఓనర్ మూడు నెలల అద్దె వరకు డిపాజిట్ అడగవచ్చు. ఇన్సూరెన్స్‌కే నెలకు 140 యూరోలకు పైగా పోతుంది. మొదటి రెండు నెలలకు విడిగా కొంత డబ్బు దగ్గర పెట్టుకోండి.

గది విషయంలో ఒక మోసం పదే పదే జరుగుతోంది. "నేను వేరే దేశంలో ఉన్నాను, డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్ చేస్తాను" అంటారు. గది చూడకుండా, ఒప్పందం చేతికి రాకుండా ఒక్క యూరో కూడా పంపకండి. అడ్మిషన్ వచ్చిన రోజే స్టూడెంట్ హాస్టల్‌కు అప్లై చేయండి, వెయిటింగ్ లిస్టు పెద్దది. గదిలో దిగాక రెండు వారాల్లోపు మునిసిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించాలి. దానికి ఓనర్ సంతకం చేసిన కాగితం కావాలి. ఆ కాగితం ఇవ్వనంటే, అద్దె ఎంత తక్కువైనా ఆ గది వద్దు.

ఇన్సూరెన్స్ విషయంలోనూ తొందరపడకండి. 30 ఏళ్లలోపు విద్యార్థికి ప్రభుత్వ ఇన్సూరెన్స్ దొరుకుతుంది. చవక అని ప్రైవేటు దాంట్లో చేరడానికి ప్రభుత్వ ఇన్సూరెన్స్ నుంచి మినహాయింపు తీసుకుంటే, చదువు అయ్యేదాకా వెనక్కి రావడం కుదరదు.

పరీక్షల దగ్గర

ఈ భాగం నిదానంగా చదవండి, ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. అక్కడ మార్కులు తలకిందులుగా ఉంటాయి: 1.0 అన్నింటికన్నా మంచిది, 4.0 పాస్, 5.0 ఫెయిల్. చాలా సబ్జెక్టుల్లో సెమిస్టర్ చివర ఒకే ఒక్క పరీక్ష, దాని మీదే మొత్తం గ్రేడు. ఇంటర్నల్స్ ఆదుకుంటాయని ఆశ పెట్టుకోకండి. క్లాసులో పేరుంటే సరిపోదు, ప్రతి పరీక్షకూ పోర్టల్‌లో విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. గడువు ఒక్క రోజు దాటినా ఆ పరీక్ష పోయినట్టే.

మన దగ్గర సప్లిమెంటరీ ఎన్నిసార్లైనా రాయొచ్చన్న ధీమా ఉంటుంది. అక్కడ చాలా యూనివర్సిటీల్లో ఒక సబ్జెక్టుకు మూడే అవకాశాలు. తప్పనిసరి సబ్జెక్టులో మూడోసారీ ఫెయిలైతే ఆ కోర్సు నుంచి తీసేస్తారు, అదే కోర్సులో జర్మనీలో మరో యూనివర్సిటీ కూడా చేర్చుకోదు. నివాస అనుమతి చదువుతో ముడిపడి ఉంటుంది కాబట్టి అది కూడా ప్రమాదంలో పడుతుంది. బిజినెస్ చదివేవాళ్లకు స్టాటిస్టిక్స్, ఎకనోమెట్రిక్స్ దగ్గర ఈ గండం ఉంది. బి.కాం, బి.బి.ఏ.లో లెక్కలు తేలిగ్గా దాటేసినవాళ్లు వేసవిలోనే మళ్లీ పుస్తకం తీయాలి. మొదటి ప్రయత్నం "ఊరికే చూద్దాం" అని రాయకండి. పరీక్ష రోజు జ్వరం వస్తే అదే రోజు డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ తీసుకుని వెంటనే పరీక్షల ఆఫీసుకు పంపండి. లేకపోతే ఫెయిల్ కింద రాస్తారు.

టైమ్‌టేబుల్‌లో గంట పక్కన "సి.టి." అని ఉంటే క్లాసు పావుగంట ఆలస్యంగా మొదలవుతుంది, "ఎస్.టి." అని ఉంటే సరిగ్గా ఆ నిమిషానికే. గ్రూప్ ప్రాజెక్టుల్లో మన మొహమాటం బాగా దెబ్బతీస్తుంది. చేయలేని పనికి "సరే" అని ఒప్పుకుని చివరి రోజు చేతులెత్తేస్తే, ఆ బ్యాచ్‌లో మిమ్మల్ని మళ్లీ ఎవరూ తీసుకోరు. కుదరదని మొదటి రోజే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. ప్రొఫెసర్ మీ ప్రెజెంటేషన్ గురించి "ఇది నన్ను ఒప్పించలేదు" అని అందరి ముందూ అంటే అది అవమానం కాదు, పని మీద అభిప్రాయం. అక్కడే "ఏది మార్చాలి?" అని అడగండి. థీసిస్ చివర ఇది సొంతంగా రాశానని సంతకం చేస్తారు. డబ్బిచ్చి రాయించినవాళ్లు పట్టుబడితే డిగ్రీ వచ్చాక కూడా రద్దవుతుంది.

పని, డబ్బు

2024 మార్చి నుంచి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేయవచ్చు. అది ఉద్యోగం కింద మాత్రమే. బిజినెస్ చదువుతున్నాం కదా అని సొంతంగా ఆన్‌లైన్ అమ్మకాలు మొదలుపెట్టడం, ఫ్రీలాన్స్ బిల్లులు ఇవ్వడం విడి అనుమతి లేకుండా చేయకూడదు. ఇంకొకరి పేరు మీద ఉన్న డెలివరీ యాప్ అకౌంట్‌తో పని చేయకండి. "మీ అకౌంట్లో డబ్బు పడుతుంది, కమీషన్ ఉంచుకుని మిగతాది పంపండి" అని తెలుగులో తీయగా అడిగినా ఒప్పుకోకండి. అది మనీ లాండరింగ్, కేసు మీ పేరు మీదే వస్తుంది.

భాష గురించి కన్సల్టెన్సీ చెప్పని మాట ఒకటుంది. కోర్సు ఇంగ్లిష్‌లో ఉండొచ్చు, మార్కెటింగ్, హెచ్.ఆర్., అకౌంట్స్ ఉద్యోగాలు ఎక్కువ భాగం జర్మన్‌లోనే. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇంగ్లిష్‌తో నెట్టుకొచ్చినట్టు బిజినెస్ వాళ్లకు కుదరదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే 18 నెలల్లో భాష మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. కనీసం బి1 (జర్మన్‌లో మధ్యస్థాయి) ఇక్కడే పూర్తి చేయండి. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథె జెంట్రుమ్ ఉంది.

ఇంటికొచ్చే ఉత్తరాలు తెరవకుండా పక్కన పడేయకండి, ఆఫీసులు చాలావరకు పోస్టులోనే రాస్తాయి. వీసా గడువు ముగియక ముందే నివాస అనుమతికి అప్లై చేసి, ఆ రుజువు దాచుకోండి. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, గది దాటాలనిపించకపోయినా క్యాంపస్ కౌన్సెలర్‌ను కలవండి, ఇంట్లోవాళ్లకూ చెప్పండి. ప్రాణాపాయమైతే 112, రాత్రి పూట డాక్టర్ కావాలంటే 116117. ఈ రెండు నంబర్లూ విమానం ఎక్కకముందే ఫోన్‌లో వేసుకోండి.