ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం – 5వ పాఠం: సంపు, రెఫ్యూజియం గీసుకోవడం

పోయిన పాఠంలో ఆర్వో నీళ్లలో ఉప్పు కలిపి, లవణీయత (నీళ్లలో ఉప్పు పాళ్లు) వెయ్యికి 35 దగ్గర నిలపడం వరకు వచ్చాం. ఈసారి ట్యాంకు కింద, స్టాండులో కూర్చునే సంపును, అంటే నీళ్లు శుభ్రమయ్యే గదులున్న గాజు తొట్టిని, కాగితం మీద గీద్దాం. ఈ లెక్క తేలేదాకా గ్లాస్ షాపుకు పోవద్దు.

పని చేసే తీరు తేలికే. పై ట్యాంకులో అంచు దాటిన నీళ్లు పైపు గుండా కిందికి దిగుతాయి, సంపులో గది తర్వాత గది దాటుతాయి, చివరి గదిలోని పంపు వాటిని మళ్లీ పైకి పంపుతుంది. చాలామంది స్కిమ్మర్ (నురగతో మురికిని తీసే పరికరం) ఎక్కడ, నాచు ఎక్కడ అని మొదలుపెడతారు. నేను మాత్రం ఖాళీ జాగాతో మొదలుపెట్టమంటాను. మన దగ్గర ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచిందంటే కరెంటు పోతుంది. పంపు ఆగిన ఆ క్షణం నుంచి పై ట్యాంకు నీళ్లు కిందికి దిగుతూనే ఉంటాయి. అవన్నీ సంపులో పట్టాలి. ఇంట్లో మీరు లేకపోయినా పట్టాలి.

లెక్క కోసం 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకు తీసుకుందాం. అంచు దాకా నింపితే దాదాపు 255 లీటర్లు. ఇకనుంచి సెంటీమీటర్లలోనే కొలుద్దాం, లీటర్లలోకి మార్చడం సులువవుతుంది. నీటి ఉపరితలం సుమారు 120 × 45, అంటే 5,400 చదరపు సెంటీమీటర్లు. మట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 5.4 లీటర్లు కిందికి వచ్చినట్టు. సంపు లోపలి కొలత 90 × 38, ఎత్తు 40 అనుకోండి. అక్కడ ఒక్కో సెంటీమీటరుకు 3.4 లీటర్లు పడతాయి.

పంపు ఆగగానే, నీళ్లను పైకి తీసుకెళ్లే రిటర్న్ పైపు సైఫన్ అయిపోతుంది. నీళ్లు పోసే నాజిల్ మూతి గాలి పీల్చేదాకా అదే పైపు వెనక్కి నీళ్లు లాగుతుంది. నాజిల్ మట్టానికి 4 సెంటీమీటర్ల లోతులో ఉంటే దిగేది 21.6 లీటర్లు. అంచు దాటిన నీళ్లు పడే ఓవర్‌ఫ్లో డబ్బాలో, పైపుల్లో ఉన్నది మరో 8 లీటర్లు వేసుకోండి. మొత్తం 30 లీటర్లు, సంపులో 9 సెంటీమీటర్ల ఎత్తు. మామూలుగా నడిచేటప్పుడు సంపులో మట్టం 24 ఉంటే, కరెంటు పోయాక 33కు చేరుతుంది. అప్పటికీ 7 సెంటీమీటర్లు మిగులుతాయి.

ఇప్పుడు అదే నాజిల్‌ను 15 సెంటీమీటర్ల లోతులో పెట్టి చూడండి. 81 లీటర్లు, వాటికి ఆ 8 కలిపితే 89. సంపులో 26 సెంటీమీటర్లు పెరగాలి, ఉన్న ఖాళీ 16. మిగిలిన ముప్పై లీటర్ల పైచిలుకు ఉప్పునీళ్లు హాల్లోకి వస్తాయి. కాబట్టి నాజిల్ పైకే ఉండాలి. లోతుగానే కావాలనుకుంటే నీటి మట్టానికి కాస్త కింద, రిటర్న్ పైపుకు చిన్న రంధ్రం వేయాలి. మట్టం అక్కడికి దిగగానే గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. ఆ రంధ్రాన్ని నాచు మూసేస్తుంది, నెలకోసారి పుల్లతో పొడవాలి. నీళ్లను వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ బిగిస్తే సరిపోతుందని షాపులో చెబుతారు. దాన్ని నమ్ముకోవద్దు. ఉప్పు గట్టిపడో, చిన్న నత్త ఇరుక్కునో అది పూర్తిగా మూసుకోని రోజు ఒకటి వస్తుంది.

దీనికి తిరగేసిన లెక్క కూడా ఉంది. డ్రెయిన్ పైపులో నత్తో, ఆకో అడ్డం పడితే పంపు తన గదిలో ఉన్న నీళ్లన్నీ పైకి ఎత్తేస్తుంది. ఆ నీళ్లు పై ట్యాంకు అంచు దాటకూడదు. పంపు గది 20 × 38, నీళ్లు 18 ఎత్తు ఉంటే 13.7 లీటర్లు. పై ట్యాంకులో అది రెండున్నర సెంటీమీటర్లు. నీటి మట్టానికి, ట్యాంకు అంచుకు మధ్య అంతకన్నా ఎక్కువ ఖాళీ ఉంచండి. డ్రెయిన్‌కు రెండు పైపులు పెట్టండి: ఒకటి గేట్ వాల్వ్‌తో రోజూ నడిచేది, రెండోది కొంచెం ఎత్తులో ఎప్పుడూ ఖాళీగా ఉండేది. రెండో దానికి వాల్వ్ పెట్టకూడదు.

ఇక గదులు. 90 సెంటీమీటర్లలో మొదటి 32 డ్రెయిన్‌కు, స్కిమ్మర్‌కు. ఈ గది అడ్డుగాజు ఎత్తు 24, కానీ మీ స్కిమ్మర్ కాగితంలో ఎంత లోతు నీళ్లు కావాలని ఉందో అదే పెట్టండి. కరెంటు తిరిగొచ్చినప్పుడు నీళ్లు ఎక్కువున్న గదిలో స్కిమ్మర్ మొదలై, కప్పు నురగతో పొంగిపోతుంది. అది పంపు కన్నా ఐదు పది నిమిషాలు ఆలస్యంగా ఆన్ అయ్యేలా టైమర్ పెడితే ఈ బాధ తప్పుతుంది.

తర్వాతి 33 రెఫ్యూజియం, అంటే నాచు పెంచే గది. దాని గాజు 23 ఎత్తు పెడితే సుమారు 29 లీటర్లు, అంటే పై ట్యాంకులో పదో వంతు పైనే. నాకు సంపు మొత్తంలో ఎక్కువ ఇష్టమైన గది ఇదే. చేపలు రాని చోటు కాబట్టి కోపిపాడ్లు, యాంఫిపాడ్లు అనే చిన్న చిన్న జీవులు ఇక్కడ నిశ్చింతగా పెరుగుతాయి. వాటి పిల్లలు కొంతమేరకు పైకి చేరి చేపలకు, పగడాలకు మేతవుతాయి. నాచు నీళ్లలోని నైట్రేట్, ఫాస్ఫేట్ తిని పెరుగుతుంది. పెరిగిన దాన్ని మనం తీసి పారేసినప్పుడే ఆ రెండూ ట్యాంకు నుంచి బయటికి పోయినట్టు. తీయకుండా వదిలేస్తే లోపలి పొర వెలుతురు అందక కుళ్లి, తిన్నదంతా మళ్లీ నీళ్లలో కలిపేస్తుంది. గది నిండగానే సగం తీసేయండి.

ఏ నాచు అంటే కీటోమార్ఫా, మనవాళ్లు కీటో అంటారు. చిక్కుబడ్డ నైలాన్ దారంలా ఉంటుంది, వేళ్లతో దేన్నీ పట్టుకోదు. కాలెర్పా చూడటానికి అందంగా ఉంటుంది గానీ, ఒక్కోసారి రాత్రికి రాత్రే తనలో ఉన్నదంతా నీళ్లలోకి వదిలి తెల్లబడి చచ్చిపోతుంది. మొదటి సంపులో వద్దు. ఈ గది దీపం పై ట్యాంకు లైట్లు ఆరాక వెలగాలి. రాత్రిళ్లు పైన కిరణజన్య సంయోగక్రియ ఆగి, కార్బన్ డయాక్సైడ్ పెరిగి, పీహెచ్ పడిపోతుంది. కింద నాచు ఆ వేళ వెలుతురులో ఉంటే దాన్ని కొంత పీల్చుకుని పీహెచ్‌ను నిలబెడుతుంది. ఈ గదిలో ఇసుక పోయొద్దు, ప్రవాహానికి లేచి పంపులోకి పోతుంది. కొత్త ట్యాంకులో నాచు మందకొడిగా ఉంటే కంగారు పడకండి, దానికి తిండి ఇంకా తయారు కాలేదంతే.

రెఫ్యూజియం దాటాక మూడు గాజులతో బుడగల ఉచ్చు. 23 ఎత్తున్నది మొదటిది, అడుగు నుంచి 3 సెంటీమీటర్లు లేపి అతికించేది రెండోది, 20 ఎత్తున్నది మూడోది. మధ్య ఖాళీలు రెండున్నర చొప్పున. నీళ్లు మీది నుంచి దిగి, కింది నుంచి దూరి, మళ్లీ పైకెక్కేలోగా బుడగలు తేలిపోతాయి. గాజుల మందం లెక్కలోకి తీసుకోకుంటే మిగిలిన 20 సెంటీమీటర్లే పంపు గది.

మన ఎండలు తగిలేది ఈ పంపు గదికే. ఆవిరైన నీళ్లు సంపు మొత్తంలో తగ్గవు, ఇక్కడే తగ్గుతాయి, ఎందుకంటే మిగతా గదుల మట్టాన్ని గాజులు నిలబెడతాయి. మే నెలలో నల్లగొండలో 44 డిగ్రీలు దాటే రోజుల్లో, ఫ్యాను గాలికి రోజుకు 4 లీటర్లు పోతాయనుకోండి. పంపు గదిలో 5 సెంటీమీటర్లకు పైగా దిగుతుంది. రెండు రోజులు ఊరెళ్తే 18 ఉన్నది 8 అవుతుంది, పంపు గాలి పీలుస్తుంది. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి లవణీయత కూడా రోజుకు దాదాపు అర పాయింటు పెరుగుతుంది. ఫ్లోట్ స్విచ్‌తో దానంతటదే నీళ్లు పోసే ఏర్పాటు ఇక్కడ తప్పనిసరి అంటాను.

పోసేది మంచినీళ్లే, ఉప్పునీళ్లు కాదు. అవి కూడా ఆర్వో, ఆ తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే డీఐ ఫిల్టర్ దాటి టీడీఎస్ (లీటరులో కరిగిన లవణాలు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే కొలత) సున్నా చూపించాలి. 800 టీడీఎస్ ఉన్న బోరు నీళ్లు రోజుకు 4 లీటర్లు పోస్తే నెలకు 96 గ్రాముల లవణాలు ట్యాంకులో పేరుకుపోతాయి. నల్లగొండ అనగానే అందరూ ఫ్లోరైడ్ గురించి అడుగుతారు. సముద్రపు నీళ్లలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ ఉంటుంది. నాకు అంతకన్నా బోరు నీళ్ల నైట్రేట్ భయం ఎక్కువ. నాచు తీసేసినదాన్ని మనమే రోజూ తిరిగి పోస్తుంటాం.

పంపు కొనేటప్పుడు పెట్టె మీద అంకె చూసి మోసపోవద్దు, అది ఎత్తు సున్నా ఉన్నప్పటిది. మనకు గంటకు 1,000 లీటర్లు చాలు, ఎత్తు 1.3 మీటర్లు. గంటకు 2,000 లీటర్లు, గరిష్ఠ ఎత్తు 3 మీటర్లు అని రాసి ఉన్నది సుమారుగా సరిపోతుంది.

వచ్చే పాఠానికి ముందు మీ స్టాండు లోపలి కొలతలు, తలుపు సందు కొలత తీసుకోండి. సంపు ఆ సందులోంచి దూరాలి, పైన స్కిమ్మర్ కప్పు ఎత్తి తీసేంత ఖాళీ ఉండాలి. తర్వాత మీ ట్యాంకుకు మూడు అంకెలు రాసుకోండి: కరెంటు పోతే దిగే లీటర్లు, సంపులో వాటికి మిగిలిన ఖాళీ, పంపు గదిలోని లీటర్లు. మొదటిది రెండోదాని కన్నా తక్కువ ఉండి, మూడోది పై ట్యాంకు అంచు దాకా ఉన్న ఖాళీలో పడితేనే గ్లాసు కోయించడానికి, సిలికాన్ పని మొదలుపెట్టడానికి సిద్ధమైనట్టు.