యూరిథ్మీ సాధన – 3వ పాఠం: మూడంచెల నడక, దాని మీద ‘ఆ’

యూరిథ్మీ అంటే మాటలోని శబ్దాలను, సంగీతాన్ని ఒంటి కదలికలుగా చూపే కళ. గత పాఠంలో ఒక కాలి మీది బరువును ఇంకో కాలి మీదికి మార్చడం నేర్చుకున్నాం. అది కుదిరాకే ఇది మొదలుపెట్టండి. నాలుగైదు అడుగులు పట్టే చోటు చాలు. వట్టి కాళ్లు మేలు. మేజోళ్లతో టైల్స్ మీద జారతారు.

అడుగును ఎత్తడం, మోయడం, పెట్టడం అని మూడుగా విడదీస్తాం. బరువంతా ఎడమ కాలి మీదికి తెచ్చి కుడి మడమ ఎత్తండి, వేళ్లు ఆఖరున నేల వదలాలి. పాదాన్ని నేలకు దగ్గరగానే ముందుకు సాగనివ్వండి. దించేటప్పుడు ముందు వేళ్లు, ఆఖరున మడమ. ఒక్కో అంచెకు ఒక అంకె, మెల్లగా. చూపు ఎదుటికే.

తూలితే తప్పు దాదాపు ఎప్పుడూ ‘మోయడం’లో ఉండదు, దాని ముందే ఉంటుంది: బరువు పూర్తిగా మారకుండానే కాలు ఎత్తేశారన్నమాట. మోకాలు పైకి లేస్తే అది కవాతు అయిపోతుంది. కూచిపూడి నేర్చినవాళ్లకు ఇంకో చిక్కు: అరమండి (మోకాళ్లు పక్కలకు వంచి నిలబడటం), పాదం తట్టి చప్పుడు చేసే అలవాటు. ఇక్కడ చప్పుడు వినిపించకూడదు. మోకాళ్లనొప్పి, కళ్లు తిరగడం ఉన్నవాళ్లు గోడ పక్కన చేయండి.

నడక నిలకడగా వచ్చాకే చేతులు. ‘ఆ’ అంటే రెండు చేతులూ విప్పారి కోణంలా తెరుచుకోవడం. ఆశ్చర్యపోయినప్పుడు నోటివెంట వచ్చే ‘ఆ’నే మనసులో ఉంచుకోండి. కదలిక వేళ్ల దగ్గర కాదు, రెక్క ఎముకల మధ్య మొదలవ్వాలి. పైకి, ముందుకు, కిందికి మూడు దిశల్లోనూ చేయండి. భుజాలు చెవుల వైపు లేస్తున్నాయంటే చేతుల్ని మరీ ఎత్తుతున్నారు. కోణం చేసి ఆగిపోతే అది బొమ్మ. తెరుచుకునే దారే ‘ఆ’. నోటితో పలకకండి. వేదిక మీద కూడా చదివేవారు వేరు, కదిలేవారు వేరు.

ఇప్పుడు మూడు అంకెల్లో చేతులు తెరవండి, తర్వాతి అడుగుకు మూడు అంకెల్లో దించండి.

ఈ కళకు ఆద్యుడైన రుడాల్ఫ్ స్టైనర్ విద్యా ఆలోచనలతో 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మొదలైన తొలి వాల్డార్ఫ్ బడి నుంచీ యూరిథ్మీ పిల్లల పాఠమే. చిన్నవాళ్లకు మాత్రం ఈ విడదీతలేవీ చెప్పకండి. కథ చెబుతూ మీరు కదిలితే వాళ్లే అనుకరిస్తారు. 1921లో స్టైనర్ స్విట్జర్లాండ్‌లోని డోర్నాక్‌లో యూరిథ్మీతో చేసే చికిత్స కోసం వేరుగా ఉపన్యాసాలిచ్చారు. ఆ శాఖలో ఇదే ‘ఆ’ను రోగిని బట్టి మార్చి, పదేపదే చేయిస్తారు. అది వైద్యుడు, శిక్షణ పొందిన చికిత్సకుడు కలిసి చూడాల్సిన పని, పాఠం చదివి చేసుకునేది కాదు. మందులు మానిపించే హామీ ఎవరిచ్చినా నమ్మకండి.

వచ్చే పాఠం ‘ఈ’. ఆలోగా ఇదే నడక వెనక్కి కూడా చేసి ఉంచండి. అక్కడా ముందు ఆనేది వేళ్లే.