తోలు కుట్టే మిషన్‌కి నూనె ఎప్పుడు, ఎక్కడ, ఎంత

మిషన్‌కి నూనె పెట్టి, ఆ వెంటనే తోలు కుట్టడానికి కూర్చోకండి. నేనొకసారి కూర్చున్నాను. చెట్టు బెరడుతో పదును చేసిన, రంగు వేయని తోలు సంచీ. నాలుగు రోజుల పని, చివరి వరస కుట్టు. సూది కడ్డీ వెంట జారిన ఒక్క చుక్క సరిగ్గా మూత మధ్యలో పడింది. ఆ రకం తోలు నూనెని ఇట్టే పీల్చేస్తుంది, ఎంత తుడిచినా మచ్చ పోదు. ఇప్పుడు ఆ సంచీలో నా సుత్తి, కత్తెరలు ఉంటున్నాయి.

అప్పట్నుంచి నూనె పని సాయంత్రానికే. స్విచ్ ఆపి, ప్లగ్ తీసేస్తాను. క్లచ్ మోటారు, అంటే ఎప్పుడూ తిరుగుతూ పెడల్ తొక్కినప్పుడే మిషన్‌ని నడిపే మోటారు, వాడేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: స్విచ్ ఆపినా మోటారు కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఆలోగా పొరపాటున పెడల్ మీద కాలు పడితే సూది వేలిలో దిగుతుంది. మోటారు చప్పుడు పూర్తిగా ఆగేదాకా లోపల చెయ్యి పెట్టకండి.

ముందు తుక్కు తీయాలి. సూది కింది పలక విప్పితే తోలుని ముందుకు జరిపే పళ్ల సందుల్లో దారం నూగు, తోలు పొడి, పాత నూనె కలిసి గట్టి ముద్దలా కనిపిస్తాయి. దాని మీద కొత్త నూనె పోస్తే ముద్దే తాగేస్తుంది, ఇనుముకి ఏమీ దక్కదు. పాత టూత్ బ్రష్, పట్టకారు చాలు. గాలి కొట్టే పైపు పెడితే తుక్కు ఇంకా లోపలికి పోతుంది.

నూనె విషయానికొస్తే, పల్చటి, రంగులేని కుట్టు మిషన్ ఆయిల్ మాత్రమే వాడండి. మిషన్ బరువైనది కదా అని చిక్కటి ఇంజన్ ఆయిల్ పోసేవాళ్లున్నారు. మిషన్ ఎంత పెద్దదైనా లోపల సందులు సన్నవే, చిక్కటి నూనె అక్కడికి చేరదు. వంటనూనెలైతే మరీ ఘోరం, ఆరి బంకలా పట్టేస్తాయి. నేను కొన్న పాత మిషన్ ఒకటి చక్రం కూడా తిరగలేదు. తెరిచి చూస్తే అంతా గోధుమరంగు జిగురు. కిటికీలు తెరిచి, ప్రతి రంధ్రంలో కాస్త కిరోసిన్ వేసి, చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ ఆడిస్తూ రెండు రోజులు కూర్చున్నాను. కదిలాక కిరోసిన్ తుడిచేసి అసలు నూనె పెట్టాను. కిరోసిన్ శుభ్రానికే, మిషన్ నడవడానికి పనికిరాదు.

ఎక్కడ పెట్టాలో తెలియకపోతే టార్చి పట్టుకుని చక్రాన్ని మెల్లగా చేత్తో తిప్పండి. ఇనుము మీద ఇనుము జారే ప్రతి చోటా ఒక చుక్క కావాలి. చాలా మిషన్లలో నూనె వేసే రంధ్రాలకి ఎర్ర రంగు పూసి ఉంటుంది. పక్క మూత తీసి సూది కడ్డీ, తోలుని నొక్కి పట్టే ఫుట్ కడ్డీ, నడిచే ఫుట్‌ని ఎత్తి దింపే కీళ్లు చూసుకోండి. తర్వాత మిషన్‌ని వెనక్కి వాల్చి కింది షాఫ్టులకి పెట్టండి. వీటికి నేను వారానికోసారి పెడతాను. కింద బాబిన్ దగ్గర పైదారాన్ని అందుకునే షటిల్ తిరిగే గాడికి మాత్రం కుట్టిన ప్రతిరోజూ ఒక చుక్క పడాల్సిందే. అక్కడ ఎండితే మిషన్ గొంతు మారిపోతుంది, టకటకమని పొడిగా మోగుతుంది. బయటికి కనిపించే పళ్లచక్రాలకి గ్రీజు పూయాలి, నూనె అయితే చిమ్మి పోతుంది.

బెల్టుకి, దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లలకి నూనె తగలనివ్వకండి. మైనం దారం వాడేవాళ్లకి ఈ బిళ్లల దగ్గరే ఎక్కువ తిప్పలు. కింద కుట్టు వదులుగా వస్తుంటే అరగంటసేపు స్క్రూ బిగించి బిగించి విసిగిపోయాను. తీరా ఫుట్ పైకెత్తి, తెరుచుకున్న బిళ్లల మధ్య స్పిరిట్‌తో తడిపిన గుడ్డపీలిక లాగితే నల్లటి మైనం ముక్కలు రాలాయి. బిళ్లలు దారాన్ని అసలు పట్టుకోవడమే లేదు! కొన్ని మిషన్ల మీద దారానికి సిలికాన్ నూనె అందించే చిన్న డబ్బా ఉంటుంది. అందులో మిషన్ ఆయిల్ పోస్తే ప్రతి కుట్టు దగ్గరా మచ్చే.

నూనె పెట్టాక దారం, బాబిన్ తీసేసి, ఫుట్ ఎత్తి, రెండు మూడు నిమిషాలు మెల్లగా నడపండి. ఫుట్ దించి ఉంటే పళ్లు దాన్ని గీరి అరగదీస్తాయి. కారినదంతా తుడిచి, ఫుట్ కింద పాత గుడ్డ మడత పెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారాక లేతరంగు తోలు ముక్క మీద దారం లేకుండా నడపండి. సూది రంధ్రాల చుట్టూ తడి వలయం కనిపిస్తున్నంతవరకు అసలు పని జోలికి వెళ్లకండి.

ఇంత చేసినా దారం రేగుతోందంటే తప్పు నూనెది కాకపోవచ్చు. ముందు సూది మార్చి చూడండి. అప్పటికీ రేగితే, మళ్లీ ప్లగ్ తీసి, షటిల్ మొన మీద గోరు నడపండి. గోరు ఎక్కడ తట్టుకుంటే అక్కడ గీత పడినట్టు. చాలా సన్నటి ఎమరీ కాగితంతో ఆ గీతని మాత్రమే నునుపు చేయండి. మొన అరిగిపోయి మొద్దుబారితే రుద్ది లాభం లేదు, షటిల్ మార్చాల్సిందే.