లినక్స్ సర్వరుకు యూపీఎస్: కనిపెట్టుకుని ఉండటం, సరిగ్గా ఆపడం, బ్యాటరీని చూసుకోవడం ఎలా?

యూపీఎస్ కొని, దానితో వచ్చిన యూఎస్‌బీ కేబుల్‌ను డబ్బాలోనే వదిలేసి, ఇక సర్వరుకు ఏ భయమూ లేదని నిశ్చింతగా ఉండేవారిని చాలాకాలంగా చూస్తున్నాను. ఆ యూపీఎస్ చేసేదల్లా కరెంటు పోయాక పది నిమిషాల పాటు బీప్‌మని అరిచి, ఆ తరువాత డిస్కు మీద రాత నడుస్తుండగానే చేతులెత్తేయడం. ఇంట్లో ఎవరూ లేకపోయినా యంత్రం తనంతట తాను శుభ్రంగా ఆగాలి, కరెంటు తిరిగి వచ్చాక తనంతట తానే లేవాలి. మొదటి సగాన్ని అందరూ ఏదో విధంగా సాధిస్తారు. రెండో సగమే చాలామంది దగ్గర చెడిపోతుంది కనుక ఇక్కడ దాని మీదే ఎక్కువసేపు నిలుస్తాను.

ఫైళ్ల పేర్లను, ఆదేశాలను నోటితో పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి.

కావలసినవి

యూఎస్‌బీ పోర్టు ఉన్న లైన్ ఇంటరాక్టివ్ (వోల్టేజీ కొద్దిగా హెచ్చుతగ్గులైతే బ్యాటరీ వాడకుండానే సర్దుకునే రకం) యూపీఎస్ చాలు. 600 వీఏ (వోల్ట్ ఆంపియర్) తరగతి చిన్న మోడళ్లలో చాలావాటికి ఆ పోర్టు ఉండదు కాబట్టి కొనేముందే వెనక వైపు తిప్పి చూడాలి. వీఏ అంకెను చూసి వాట్లనుకోకూడదు. 1000 వీఏ అని రాసి ఉన్నవి చాలావరకు 600 వాట్లే మోస్తాయి, అందులోనూ సగానికి మించి లోడు పెట్టకూడదు.

"ఇంట్లో 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీతో ఇన్వర్టరు ఉంది, ఇక యూపీఎస్ ఎందుకు?" అని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. ఆ ఇన్వర్టరు గంటల తరబడి నడిపిస్తుందన్న మాట నిజమే, కానీ మామూలు ఇళ్లలో ఉండేవాటికి తమ బ్యాటరీ అయిపోవస్తోందన్న సంగతిని కంప్యూటరుకు చెప్పే దారి లేదు. ఇన్వర్టరు తరువాత యూపీఎస్‌ను కలపవచ్చు, అయితే ఆ ఇన్వర్టరు సైన్ వేవ్ రకమై ఉండాలి. స్క్వేర్ వేవ్ రకమైతే వచ్చే కరెంటు నచ్చక యూపీఎస్ మాటిమాటికీ బ్యాటరీ మీదికి దూకుతూ నెలల్లోనే దాన్ని పాడుచేసుకుంటుంది.

సాఫ్ట్‌వేరు

నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్, అంటే అందరూ "నట్" అని పిలిచేదాన్ని మాత్రమే వాడండి. ఏపీసీయూపీఎస్‌డి అనే మరో ప్రోగ్రాము తేలిక అని చెప్పేవారున్నారు. అది ఏపీసీ యూపీఎస్‌ల కోసం రాసినది, దాని చివరి విడుదల 3.14.14 వచ్చింది 2016లో. రేపు వేరే కంపెనీ యూపీఎస్ కొంటే నేర్చుకున్నదంతా మళ్లీ మొదటికొస్తుంది. నట్‌లో డ్రైవరు మారితే చాలు, మిగతాదేదీ మారదు.

డెబియన్, ఉబుంటులలో "నట్" అనే ప్యాకేజీని ఆప్ట్‌తో వేసుకున్నాక యూఎస్‌బీ కేబుల్‌ను ఒకసారి పీకి మళ్లీ పెట్టండి. లేకపోతే పరికరాన్ని తెరిచే అనుమతి డ్రైవరుకు దొరకక గంటసేపు తల బద్దలు కొట్టుకోవలసి వస్తుంది. తరువాత ఈటీసీ కింద నట్ డైరెక్టరీలో నాలుగు ఫైళ్లు మార్చాలి. నట్.కాన్ఫ్‌లో మోడ్ అన్నచోట "నన్" తీసేసి "స్టాండలోన్" అని పెట్టాలి. యూపీఎస్.కాన్ఫ్‌లో యూపీఎస్‌కు ఒక పేరు, డ్రైవరుగా యూఎస్‌బీహెచ్‌ఐడి-యూపీఎస్, పోర్టుగా "ఆటో" రాయాలి. చవక యూపీఎస్‌లు మెగాటెక్ భాష మాట్లాడతాయి గనుక వాటికి నట్‌డ్రవ్_క్యూఎక్స్ డ్రైవరు కావాలి. యూపీఎస్‌డి.యూజర్స్‌లో ఒక యూజరు పేరును, పాస్‌వర్డును పెట్టి, వాటినే యూపీఎస్‌మాన్.కాన్ఫ్‌లోని "మానిటర్" వరుసలో తిరిగి రాయాలి. ఆ వరుస చివర 2.8 వెర్షను నుంచి "ప్రైమరీ" అంటారు, 2.7.4లో "మాస్టర్" అనాలి.

అంకెలు చదవడం

"యూపీఎస్‌సీ" ఆదేశం పక్కన మీరు పెట్టిన పేరు రాస్తే జాబితా వస్తుంది. స్థితి దగ్గర "ఓఎల్" ఉంటే గోడ కరెంటు మీద ఉన్నట్టు, "ఓబీ" ఉంటే బ్యాటరీ మీద ఉన్నట్టు, దాని పక్కన "ఎల్‌బీ" కూడా చేరితే బ్యాటరీ అడుగంటినట్టు, "ఆర్‌బీ" కనబడితే బ్యాటరీ మార్చమన్నట్టు.

బ్యాటరీ చార్జి 100 అని చూపించడం చూసి సంతోషపడకండి. చాలా యూపీఎస్‌లు ఆ అంకెను వోల్టేజీ నుంచి అంచనా కడతాయి. చచ్చిపోయే దశలో ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ కూడా లోడు పడేవరకు 13.6 వోల్టులు చూపిస్తూనే ఉంటుంది. లోడు పడ్డ మొదటి నిమిషంలో ఎంతకు పడిపోతుందన్నదే అసలు అంకె. బ్యాటరీ తేదీ అని కనబడేది కూడా చాలాసార్లు ఫ్యాక్టరీలో ఎక్కించి వదిలేసినదే.

ఆగడం, తిరిగి లేవడం

ఇక్కడ తొందరపడకండి. ముందుగా జరిగే క్రమాన్ని అర్థం చేసుకోవాలి. బ్యాటరీ అడుగంటిందన్న కబురు రాగానే యూపీఎస్‌మాన్ (నట్‌లో యూపీఎస్‌ను కాపలా కాసే ప్రోగ్రాము) ఒక గుర్తు ఫైలును సృష్టించి, యంత్రాన్ని ఆపమని ఆదేశిస్తుంది. డిస్కులన్నీ విడిపోయాక, చిట్టచివరి క్షణంలో సిస్టమ్‌డి (లినక్స్‌లో సేవలన్నిటినీ మొదలుపెట్టి, ఆపే మూల ప్రోగ్రాము) ఒక చిన్న స్క్రిప్టును నడుపుతుంది. ఆ స్క్రిప్టు గుర్తు ఫైలు ఉందో లేదో చూసి, ఉంటే "ఇన్ని సెకన్ల తరువాత నీ అవుట్‌పుట్‌ను కట్ చెయ్యి, కరెంటు వచ్చాక మళ్లీ ఇవ్వు" అని యూపీఎస్‌కు చెబుతుంది.

ఎలాగూ ఆగిన యంత్రానికి యూపీఎస్ కరెంటు కట్ చేయడమెందుకని ఈ చివరి మాటను తీసేసేవారు ఉన్నారు. యంత్రం ఆగుతున్న ఆ అర నిమిషంలోనే కరెంటు తిరిగి వచ్చిందనుకోండి. యంత్రం ఆగిపోయింది, కానీ దాని ప్లగ్గుకు కరెంటు ఒక్క క్షణం కూడా పోలేదు. పోనిదే అది వచ్చినట్టు మదర్‌బోర్డుకు తెలియదు. నేను ఊరు వెళ్లినప్పుడు సరిగ్గా ఇదే జరిగి, నా సర్వరు ఇంటి నిండా కరెంటు ఉండగా రెండు రోజులు నిద్రపోయింది. తప్పు పూర్తిగా నాదే, ఆ స్క్రిప్టును అనవసరమనుకుని తీసేసింది నేనే.

బయోస్‌లో, అంటే యంత్రం లేవగానే కనిపించే మదర్‌బోర్డు సెట్టింగులలో, చేయవలసిన మార్పు ఒకటుంది. కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలన్న చోట "పవర్ ఆన్" అని పెట్టాలి. "లాస్ట్ స్టేట్" తెలివైన ఎంపికలా కనిపిస్తుంది, కానీ శుభ్రంగా ఆగిన యంత్రపు చివరి స్థితి ఆగి ఉండటమే కాబట్టి అది ఆగే ఉంటుంది.

యూపీఎస్.కాన్ఫ్‌లో "ఆఫ్‌డిలే", "ఆన్‌డిలే" అని రెండు వ్యవధులుంటాయి: అవుట్‌పుట్‌ను ఎన్ని సెకన్లకు కట్ చేయాలన్నది మొదటిది, ఎన్ని సెకన్లకు మళ్లీ ఇవ్వాలన్నది రెండోది. యూఎస్‌బీహెచ్‌ఐడి-యూపీఎస్‌లో ఇవి మామూలుగా 20, 30 సెకన్లు. కొన్ని యూపీఎస్‌లు నిమిషాల లెక్కలోనే వింటాయి, వాటికి 20 సెకన్లంటే సున్నా అవుతుంది. అందుకే 60, 120 అని పెట్టండి. రెండోది మొదటిదానికన్నా ఎప్పుడూ పెద్దదిగానే ఉండాలి.

ఎల్‌బీ కబురు కోసం చివరిదాకా ఎదురుచూడటమూ తప్పే, ఎందుకంటే రెండేళ్ల బ్యాటరీలో ఆ కబురుకూ చీకటికీ మధ్య పది సెకన్లు కూడా మిగలకపోవచ్చు. యూపీఎస్‌షెడ్ అనే తోడు ప్రోగ్రాముతో, బ్యాటరీ మీదికి వెళ్లి 180 సెకన్లు దాటగానే ఆపమనే టైమరు పెట్టాలి. మూడు నిమిషాలలో రాని కరెంటు ముప్పై నిమిషాలలోనూ రాదన్నది నా లెక్క. కరెంటు వస్తే టైమరును రద్దు చేసే వరుసను మరచిపోతే, దీపాలన్నీ వెలిగాక మీ సర్వరు తీరిగ్గా ఆగిపోతుంది. కరెంటు పోయిన, వచ్చిన రెండు సందర్భాలకూ యూపీఎస్‌మాన్.కాన్ఫ్‌లోని నోటిఫై ఫ్లాగులో "ఎగ్జెక్" అన్న మాట ఉండాలి, లేకపోతే టైమరు మొదలే కాదు. ఎల్‌బీ కాపలాను మాత్రం తీసేయకండి, అది రెండో గోడ.

ఇప్పుడు పరీక్ష. సర్వరును నేరుగా గోడ సాకెట్‌కు కలిపి, యూపీఎస్‌కు ఒక 60 వాట్ల ఫిలమెంటు బల్బును మాత్రమే తగిలించి, యూఎస్‌బీ కేబుల్‌ను సర్వరుకే ఉంచండి. యూపీఎస్ ప్లగ్గును పీకకండి. పీకితే ఎర్తు కూడా పోతుంది. స్విచ్‌బోర్డు మీద స్విచ్చి ఆపితే కరెంటు మాత్రమే పోతుంది. మూడు నిమిషాలకు సర్వరు ఆగాలి, ఆ తరువాత ఒక నిమిషానికి బల్బు ఆరాలి, స్విచ్చి వేసిన కాసేపటికి బల్బు మళ్లీ వెలగాలి. బల్బు ఆరకపోతే చివరి స్క్రిప్టు పనిచేయలేదని అర్థం.

రెండోసారి ఇంకా కఠినంగా చేయండి: సర్వరు ఆగడం మొదలుపెట్టగానే స్విచ్చి వేసేయండి. అప్పుడు కూడా బల్బు ఒకసారి ఆరి వెలగాలి. గోడ కరెంటు ఉండగా ఆ ఆదేశాన్ని లెక్కచేయని యూపీఎస్‌లున్నాయి. మీది అలాంటిదైతే రోజూ ఒక వేళకు లేచే అలారాన్ని బయోస్‌లో పెట్టుకోవడమే మార్గం. ఈ రెండు పరీక్షలూ నెగ్గాకే సర్వరు ప్లగ్గును యూపీఎస్‌లోకి మార్చండి. "యూపీఎస్‌డ్రవ్‌సీటీఎల్ షట్‌డౌన్" అన్న ఆదేశాన్ని ఎలా పనిచేస్తుందో చూద్దామని నడుస్తున్న యంత్రం మీద చేత్తో ఇవ్వకండి, అది అడగకుండానే కట్ చేస్తుంది.

బ్యాటరీ

యూపీఎస్ ఒప్పుకుంటే నెలకోసారి యూపీఎస్‌సీఎండీతో (నట్‌లో యూపీఎస్‌కు ఆదేశాలిచ్చే ప్రోగ్రాము) చిన్న బ్యాటరీ పరీక్ష నడపండి, అప్పటి వోల్టేజీని ఒక ఫైలులో రాసి ఉంచండి. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర మూడు నుంచి ఐదేళ్లు బతుకుతుంది, ఆపైన ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో గాలి ఆడని అలమరలో పెట్టిన యూపీఎస్ రెండేళ్లకే ఎందుకు పోయిందని ఎవరినీ అడగనక్కరలేదు.

మార్చేటప్పుడు యూపీఎస్ ఆపి, ప్లగ్గు తీసి, పాత బ్యాటరీ మీది వోల్టులు, ఏహెచ్ అంకెలే కాక టెర్మినల్ వెడల్పు 4.75 మిల్లీమీటర్లా 6.35 మిల్లీమీటర్లా అన్నది కూడా చూసి కొనండి. రెండు బ్యాటరీలుంటే రెండూ ఒకేసారి మార్చాలి. కొత్తదానిని పాతది లాగేస్తుంది. ఉబ్బిన బ్యాటరీ బయటికి రాకపోతే స్క్రూడ్రైవరుతో పొడవకుండా, యూపీఎస్ డబ్బానే విప్పి తీయండి. పాతది చెత్తలో పడేయకుండా దుకాణంలో తిరిగి ఇవ్వండి, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలూ ఇదే చెబుతున్నాయి. కొత్తది వేసిన తేదీని మార్కరు పెన్నుతో యూపీఎస్ ఒంటి మీదే రాసి, రాత్రంతా చార్జి కానిచ్చి, మరునాడు బల్బు పరీక్షను మొదటి నుంచి మళ్లీ చేయండి.