క్లైంబింగ్ జిమ్‌లో పిల్లల్ని ఎలా కనిపెట్టుకోవాలి?

ఇండోర్ క్లైంబింగ్ జిమ్‌లో, అంటే హాల్లో కట్టిన గోడలు ఎక్కే చోట, తల్లిదండ్రుల కళ్లన్నీ గోడ మీదే ఉంటాయి. నిజానికి గోడకన్నా ఎక్కువ కనిపెట్టాల్సింది కింద పరిచిన మ్యాట్‌ని.

1. బయల్దేరే ముందు: ఉంగరాలు, గాజులు, గొలుసులు, పట్టీలు ఇంట్లోనే తీసేయండి. ఎక్కడానికి గోడకి బిగించిన పట్టులో ఉంగరం ఇరుక్కుంటే ఒంటి బరువంతా ఆ వేలి మీదే పడుతుంది. జడ ఉంటే ముడి చుట్టండి.

2. మ్యాట్ దగ్గర: బౌల్డరింగ్ గోడలు మామూలుగా నాలుగు, నాలుగున్నర మీటర్ల ఎత్తుంటాయి. తాడు ఉండదు, ఎక్కినవాళ్లు ఏ క్షణాన్నైనా పడొచ్చు. మ్యాట్ మెత్తగా ఉంది కదా అని పిల్లలు దానిమీద గెంతులేస్తారు, అడ్డంగా పరుగెత్తుతారు. పైనుంచి ఓ పెద్దమనిషి వాళ్ల మీద పడితే ఏ మ్యాటూ కాపాడదు. అందుకే ఒక్కటే రూలు: గోడమీద ఎవరున్నా వాళ్ల కిందికి వెళ్లకూడదు. ఇద్దరు పిల్లలుంటే ఒకరు ఎక్కేటప్పుడు రెండోవాళ్లు మీ పక్కనే కూర్చోవాలి. మీరేమో ఫోన్ జేబులో పెట్టి మ్యాట్ అంచున నిలబడాలి. కాఫీ తర్వాత తాగొచ్చు.

3. ముందు పడటం నేర్పండి: తక్కువ ఎత్తు నుంచి రెండు పాదాల మీద దిగి, మోకాళ్లు వంచి, వెనక్కి దొర్లాలి. చేతులు ఛాతీకి దగ్గరగా ఉండాలి. చెయ్యి వెనక్కి ఆనిస్తే మణికట్టో మోచెయ్యో విరగొచ్చు. దూకడంకన్నా పట్లు పట్టుకుని దిగడమే మేలు. "దూకు, నేను పట్టుకుంటా" అని మాత్రం అనకండి, ఇద్దరికీ దెబ్బ తగులుతుంది.

4. తాడుతో ఎక్కే గోడ అయితే: హార్నెస్ (తాడు తగిలించడానికి నడుముకీ తొడలకీ కట్టే బెల్టు) నడుము పట్టీ తుంటి ఎముకలకు పైన బిగుతుగా ఉండాలి. చిన్నపిల్లలు తలకిందులైతే అందులోంచి జారిపోవచ్చు, భుజాల మీదుగా వచ్చే ఫుల్ బాడీ హార్నెస్ అడగండి. ఆటో బిలే యంత్రం దానంతటదే తాడు లాగుతుంది, మెల్లగా దించుతుంది. కానీ దాని క్లిప్‌ని హార్నెస్‌కి తగిలించుకోవడం మరిచిపోతే అదేమీ చెయ్యలేదు. ఎక్కే ప్రతిసారీ క్లిప్‌ని మీరే లాగి చూడండి. దానికి కనీస బరువు ఎంతో స్టాఫ్‌ని అడగండి, మరీ తేలికైన పిల్లల్ని అది కిందికి దించకపోవచ్చు. శిక్షణ లేకుండా మీరు తాడు పట్టుకోవద్దు.

5. పైన భయపడి ఆగిపోతే: "ఇంకొంచెం, ఇంకొంచెం" అని అరవకండి. "కుడికాలు ఆ పచ్చ పట్టు మీద పెట్టు నాన్నా" అంటూ ఒక్కొక్క అడుగే చెప్పి దింపండి.

చేతులు అలిసిపోయాక పట్టు జారుతుంది. "ఇంకొక్కసారి" అని మారాం చేసినా సరే, నీళ్లు తాగించి షూస్ విప్పించండి.